32 డాలర్ల దయ్యం

మన దగ్గర ఫలానా ఇంట్లో దయ్యం ఉందట అని ఒక్క మాట పుట్టిందంటే ఆ ఇంటి ఓనరు పని అయిపోయినట్టే. బ్యాచిలర్లకు ఇవ్వనే ఇవ్వమని భీష్మించినవాడు బ్యాచిలర్లయినా సరే రండి బాబూ అంటాడు. మూడు నెలల అడ్వాన్సు ఒక నెలకు దిగుతుంది. గుమ్మానికి బూడిదగుమ్మడికాయ, మెట్ల మీద నిమ్మకాయలు, హాల్లో హోమం అన్నీ అయ్యాక కూడా టు-లెట్ బోర్డు అలాగే వేలాడుతూ ఉంటుంది.

అమెరికాలో లెక్క వేరు. అక్కడ పాత హోటల్‌కి దయ్యం పట్టిందంటే యజమానికి అదృష్టం పట్టినట్టే. దాన్ని వదిలించే భూతవైద్యుణ్ణి ఎవరూ పిలవరు. అది ఎక్కడ వదిలిపోతుందో అని బెంగ.

టెక్సస్‌లో శాన్ ఆంటోనియో నగరం సంగతే చూడండి. అలమో కోట పక్కనే మెంగర్ హోటల్ ఉంది. జర్మనీ నుంచి వలస వచ్చి బీరు కాచుకుని బాగుపడిన విలియం మెంగర్ 1859లో దీన్ని తెరిచాడు. డాలస్ నుంచో ఆస్టిన్ నుంచో శనివారం కారేసుకుని రివర్‌వాక్ చూడబోయే మనవాళ్లు దాని ముందు నుంచే పోతుంటారు. ఆ హోటల్లో మొత్తం 32 దయ్యాలున్నాయని ప్రచారం. ముప్పై కాదు, ముప్పై అయిదూ కాదు. ఈ జనగణనకు వెళ్లిన ఎన్యూమరేటర్ ఎవరో గానీ, ఆ శ్రద్ధ బతికున్నవాళ్ల లెక్కలకు ఉంటే ఎంత బాగుండేది!

ఈ 32 మందిలో పేరున్న బాపతు ఎవరంటే, మొదట థియోడర్ రూజ్‌వెల్ట్. 1898లో స్పెయిన్ మీద యుద్ధానికి తన రఫ్ రైడర్స్ దళంలోకి కుర్రాళ్లను ఈ హోటల్ బార్‌లోనే చేర్చుకున్నాడు. ఇప్పటికీ ఆ బార్‌లో కూర్చుని కనిపిస్తాడట. ఆయన పోయింది 1919లో, న్యూయార్క్ రాష్ట్రంలో, సొంత ఇంట్లో, నిద్రలో. రెండుసార్లు వైట్‌హౌస్‌లో ఉన్న మనిషి, పనామా కాలువ తవ్వించిన మనిషి, చచ్చాక దేశమంతా దాటుకుని ఒక బార్ స్టూలు కోసం రావాలా? వచ్చాడే అనుకుందాం. ఆయన పోయిన మరుసటి ఏడాదే, 1920లో, దేశమంతా మద్యనిషేధం పెట్టారు. అది ఎత్తేసింది 1933లో. ఆ పదమూడేళ్లూ మాజీ అధ్యక్షులవారి ఆత్మ సోడా తాగుతూ కూర్చుందా?

తర్వాత కెప్టెన్ రిచర్డ్ కింగ్. లక్షల ఎకరాల కింగ్ ర్యాంచ్ యజమాని. 1885లో ఈ హోటల్లోని తన గదిలోనే కన్నుమూశాడు. ఆయన దయ్యం గోడలోంచి నడిచి గదిలోకి వెళుతుందట. ఒకప్పుడు అక్కడ తలుపు ఉండేదట. భవనాన్ని మార్చి కట్టేటప్పుడు దయ్యానికి నోటీసు ఇవ్వలేదన్నమాట. అంత ఆస్తిపరుడు కాబట్టి చచ్చాక కూడా ఆయనకు సూట్ రూము దక్కింది. ఆ సూట్‌లో అద్దెకు పడుకుని మురిసిపోవచ్చు.

ఇక మూడో మనిషి. శాలీ వైట్. ఈ హోటల్లో గదులు శుభ్రం చేసే నల్లజాతి పనిమనిషి. 1876లో భర్త తుపాకితో కాల్చాడు. కొద్ది రోజులు కొట్టుమిట్టాడి చనిపోయింది. టెక్సస్‌లో బానిసత్వం పోయి అప్పటికి పట్టుమని పదకొండేళ్లు కాలేదు. అంత్యక్రియల ఖర్చు హోటలే భరించింది. పద్దు పుస్తకంలో రాశారు: శవపేటికకు 25 డాలర్లు, గోతికి 7 డాలర్లు, మొత్తం 32.

ఇప్పుడామె మూడో అంతస్తు వరండాలో కనిపిస్తుందట. పొడుగాటి పాత గౌను, తలకు గుడ్డ, చేతిలో ఉతికిన తువాళ్ల దొంతర. ఎవరి గదికో తీసుకెళుతుంటుందట గానీ ఎప్పటికీ అందించదట. కాస్త ఆలోచించండి. రూజ్‌వెల్ట్ దయ్యానికి బార్, కింగ్ దయ్యానికి సూట్, శాలీ దయ్యానికి డ్యూటీ. దొరలు చచ్చి విశ్రాంతి తీసుకుంటున్నారు. పనిమనిషి చచ్చి కూడా నైట్ షిఫ్టు చేస్తోంది. జీతం లేదు, వారాంతపు సెలవు లేదు, పదవీ విరమణ అసలే లేదు. 1876లో పెట్టిన 32 డాలర్ల పెట్టుబడి మీద నూట యాభై ఏళ్లుగా ఇంత రాబడి ఇచ్చిన షేరు న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో ఉందా? శవం మీద పేలాలు ఏరుకోవడం మనమూ ఎరుగుదుం. కానీ ఆ పేలాల్ని ప్యాకెట్లలో కట్టి అమ్మడం మాత్రం ఎరగం.

“సరదాకి చెప్పుకునే కథలండీ, మీకెందుకంత బాధ?” అంటారు. సరదాయే. భయం అమ్మడం పాత వ్యాపారమే, కాదనను. కొలరాడోలో స్టాన్లీ హోటల్ ఉంది. 1974లో రచయిత స్టీఫెన్ కింగ్ అక్కడ 217వ నంబరు గదిలో బస చేశాడు. అక్కడ పుట్టిన ‘ది షైనింగ్’ నవల 1977లో వచ్చింది, అందులోని దయ్యం గదిదీ అదే నంబరు. దాన్ని సినిమా తీస్తున్నప్పుడు, హోటల్ బయటి దృశ్యాలు తీసిన ఒరెగాన్‌లోని టింబర్‌లైన్ లాడ్జి వాళ్లు దర్శకుడు కుబ్రిక్‌ను బతిమాలుకున్నారు: అయ్యా, 217 వద్దు, జనం భయపడి ఆ గది తీసుకోరు, మా దగ్గర లేని నంబరు పెట్టండి అని. ఆయన 237 చేశాడు. తీరా ఇవాళ టింబర్‌లైన్‌లో అన్నిటికంటే ఎక్కువమంది అడుగుతున్న గది 217. అటు స్టాన్లీకి వచ్చినవాళ్లందరూ సినిమాలో కనిపించే పొదల పద్మవ్యూహం ఏదీ ఏదీ అని సతాయిస్తుంటే, 2015లో హోటల్‌వాళ్లు నిజంగానే మొక్కలు నాటి ఒకటి పెంచారు. అడిగితే పద్మవ్యూహాన్నే పెంచినవాళ్లకు దయ్యాన్ని పెంచడం ఒక లెక్కా?

ఈ వ్యాపారంలో ఇంకో సుఖం ఉంది. పాత భవనానికి ఉండే జబ్బులన్నీ దయ్యం ఖాతాలోకి పోతాయి. పైపులు మూలుగుతాయి, బల్బు మినుకుమంటుంది, అర్ధరాత్రి తలుపు కిర్రుమంటుంది. మన ఊరి లాడ్జిలో అయితే మేనేజరును నిద్రలేపి నాలుగు దులుపుతాం, బిల్లులో తగ్గించమంటాం. అక్కడ వాటిని అనుభవం అంటారు, పొంగిపోయి ఇంకో రాత్రికి బుక్ చేసుకుంటారు. బీప్‌మని అరిచే మీటరొకటి పట్టుకుని వరండాలో పిల్లుల్లా తిరుగుతారు. అది కరెంటు తీగల చుట్టూ ఉండే విద్యుదయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం. వందేళ్లనాటి గోడల్లో పాత వైరింగ్ పక్కన పెడితే అది అరవక జోల పాడుతుందా? ఇంగ్లండులో విక్ టాండీ అనే ఇంజనీరు తన ల్యాబులో వెంటాడుతున్న బూడిదరంగు ఆకారాన్ని పట్టుకుని 1998లో పత్రం ప్రచురించాడు. తేలిందేమిటంటే, చెవికి వినపడని శబ్ద తరంగాలు పుట్టిస్తున్న ఎగ్జాస్ట్ ఫ్యాను. ఫ్యాను ఆపేశారు, దయ్యం పోయింది. హోటల్‌వాళ్లకు ఇంతకంటే దుర్వార్త ఉండదు.

దయ్యాలతో నాకు పేచీ లేదు. ఎవరిని దయ్యం చేస్తున్నారన్నదే పేచీ. జార్జియాలోని సవానా నగరంలో ఒక పాత భవంతి చూపించి, ఇక్కడ మాలీ అనే బానిస యువతి ఉరికి వేలాడుతూ కనిపించింది, ఆమే తిరుగుతోంది అని టికెట్ పెట్టి చెబుతుంటారు. టియా మైల్స్ అనే చరిత్రకారిణి ఆ కథ విని, కదిలిపోయి, రికార్డులన్నీ గాలించింది. అలాంటి మనిషి బతికిందనడానికే ఆధారం దొరకలేదు. అలాంటి దయ్యాల టూర్లలో తిరిగిన అనుభవాలతో 2015లో పుస్తకమే రాసింది. నిజంగా బతికి, చాకిరీ చేసి, పేరు కూడా మిగలకుండా పోయిన బానిసలు ఆ ఊళ్లో బోలెడంతమంది ఉన్నారు. వాళ్ల కథ చెప్పాలంటే యజమానుల కథా చెప్పాలి, అది టూరిస్టుకు రుచించదు. అందుకని బతకని మనిషిని చంపి, దయ్యాన్ని చేసి, రాత్రి తొమ్మిది గంటల షోకి దింపారు.

శాలీ అలా కల్పించిన మనిషి కాదు, పద్దు ఉంది. ఆ పద్దులో ఆమె గురించి ఏముందో చూడండి. భర్త కాల్చాడు, చచ్చింది, ఇంత ఖర్చయింది, అంతే. ఎప్పుడు పనిలో చేరింది, నెలకెంత ఇచ్చేవాళ్లు, ఇంట్లో పరిస్థితి తెలిసి ఎవరైనా అడ్డుపడ్డారా అన్నవి దయ్యం కథ చెప్పేవాళ్లెవరికీ అక్కర్లేదు. భర్త చేతిలో చనిపోయిన ఆడమనిషి కథలో వాళ్లకు పనికొచ్చింది తువాళ్లు మాత్రమే.

కాబట్టి మీరు శాన్ ఆంటోనియో వెళితే అర్ధరాత్రి మూడో అంతస్తులో ఫోను పట్టుకుని కాపలా కాయకండి, హాయిగా పడుకోండి. పొద్దున పదింటికి తలుపు తీస్తే తువాళ్ల బండి తోసుకుంటూ ఒకావిడ ఎదురవుతుంది. ఆవిడ తువాళ్లు నిజంగానే అందిస్తుంది. పేరు బ్యాడ్జీ మీద ఉంటుంది, పేరు పెట్టి పలకరించండి. గది ఖాళీ చేసేముందు దిండు మీద ఐదు డాలర్లు పెట్టి రండి.