కొత్త ట్రెడ్‌మిల్ కొనకండి, పాతదాన్నే బాగు చేయించండి

పదేళ్ళ నాటి ట్రెడ్‌మిల్. బెల్టు ఆగి ఆగి పోతోంది, మోటారు దగ్గర కాలిన వాసన, తెర మీద ఏవో రెండక్షరాలు వచ్చి మొత్తం ఆగిపోయింది. ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది. హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉన్న అబ్బాయి వీడియో కాల్‌లో "నాన్నా, ఆ పాత డబ్బా తీసేయండి, కొత్తది ఆర్డరు పెడతా" అంటాడు. ఇంటావిడ ఆ మూలన బీరువా పెట్టుకుందామంటుంది. ఎదురింటాయన కిలోల లెక్కన పాత ఇనుము కొనేవాడి నంబరు ఇస్తాడు.

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం వైపు ఈ పంచాయితీలో ఇరుక్కున్న వాళ్ళందరికీ నా సలహా ఒకటే. కొత్తది కొనకండి. రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే మార్చేయాలని అందరూ ఒక లెక్క చెబుతుంటారు, దాన్ని పట్టించుకోకండి. సగం దాటినా బాగు చేయించండి. ధరకు ధర అయినా చేయించండి. నాలుగు వేలు పైన పడినా సరే, చేయించండి.

ఆ సగం లెక్క బాగు చేసేవాడు దొరకని ఊళ్ళకి పనికొస్తుందేమో. మన సంగతి వేరు. కంభం చెరువు ఆయకట్టు తప్పిస్తే పశ్చిమ ప్రకాశంలో కాలువ నీళ్ళు చూసిన పొలం తక్కువ. వెలిగొండ ప్రాజెక్టు సొరంగాల గుండా వచ్చే నీళ్ళ కోసం ఒక తరం ఎదురుచూస్తూనే ముసలిదైపోయింది. అందాకా బోరే దిక్కు. బోరు లోతుకు పోయేకొద్దీ మోటారు కాలుతుంది. అందుకే మన దగ్గర ఏ మండల కేంద్రానికి వెళ్ళినా బస్టాండు చుట్టుపక్కల వైండింగ్ షాపులు కనబడతాయి. రాగి తీగ చుట్టడం, బేరింగు దించడం, కరెంటు ఎక్కడ ఎక్కువ లాగుతోందో చెప్పడం అక్కడ పొద్దున లేచిన దగ్గర్నుంచీ జరిగే పని. ఇంతమంది పనివాళ్ళని పక్కన పెట్టుకుని చిన్న మోటారు ఉన్న యంత్రాన్ని పారేయడం నాకు మనసొప్పదు. వానలు బాగా పడ్డ ఏడు ఆ షాపుల్లో పని తగ్గుతుంది. ఆ ఏడు మీ ట్రెడ్‌మిల్ వాళ్ళకి ఒక పూట పని అవుతుంది. మీ డబ్బు ఊళ్ళోనే ఉంటుంది. సగం లెక్కలో ఈ మాట ఎక్కడా లేదు.

ఇక పని మొదలుపెట్టండి. ముందు ప్లగ్గు పీకండి. పీకి పావుగంట ఆగండి. లోపలి బోర్డులో ఉండే కెపాసిటర్లలో మూడు వందల పైచిలుకు వోల్టులు కాసేపు నిలిచి ఉంటాయి. ఆ తర్వాత ముందువైపు మూత స్క్రూలు విప్పండి. మన ఇళ్ళలో ఆ మూత కింద ఏముంటుందో చెప్పనా? బూడిద రంగు మెత్తటి దుమ్ము, వెంట్రుకలు, బియ్యపు గింజలు, ఒక్కోసారి ఎలుక కొరికిన తీగ. రాతి పలకలు కోసే యూనిట్లకు దగ్గరగా ఉన్న ఇళ్ళలో ఆ దుమ్ముకి రాతి గరుకు కూడా తోడవుతుంది. వేళ్ళ మధ్య రాసి చూడండి, తెలుస్తుంది. అది బెల్టుకీ దాని కింది చెక్కకీ మధ్యకి చేరితే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. పెయింటు బ్రష్షుతో, గాలి పంపుతో శుభ్రంగా తీసేయండి. చాలా యంత్రాలకి జబ్బు ఇక్కడే ఉంటుంది.

తర్వాత బెల్టు. అందరూ మోటారునే అనుమానిస్తారు గానీ, చాలాసార్లు అసలు నేరస్థుడు ఎండిపోయిన బెల్టే. నడిచే మనిషి బరువు బెల్టుని చెక్కకి అదిమిపెడుతుంది. ఆ రాపిడిని ఈడ్చేది మోటారు. మధ్యలో జారుడు తగ్గితే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ కరెంటు బోర్డు గుండా పోతుంది, బోర్డు మీది ట్రాన్సిస్టరు వేడెక్కి పేలుతుంది. బోర్డు పోయిందని కొత్త బోర్డు వేసి, బెల్టుని అలాగే వదిలేస్తే అదీ పోతుంది. బెల్టు అంచు ఎత్తి చెయ్యి లోపలికి పోనిచ్చి తడమండి. పొడిగా, గరగరలాడుతూ ఉంటే సిలికాన్ నూనె కావాలి. సిలికాన్ నూనె మాత్రమే. కొబ్బరి నూనె, కుట్టు మిషను నూనె, ఇంజను ఆయిలు, తలుపు బందులకి కొట్టే స్ప్రే, ఇవేవీ పోయకండి. బెల్టు పాడవుతుంది, దుమ్ము జిగురులా పట్టేస్తుంది.

నూనె వేసే ముందూ వేశాకా కరెంటు కొలిపించండి. బోరు మెకానిక్కు దగ్గర టాంగ్ టెస్టరు ఉంటుంది. ఒక మనిషిని బెల్టు మీద గంటకి ఐదు కిలోమీటర్ల వేగంతో నడిపించి, ఒక్క తీగ చుట్టూ మాత్రమే టాంగు పట్టుకుని అంకె రాసుకోమనండి. నూనె వేశాక మళ్ళీ అదే మనిషి, అదే వేగం. అంకె దిగితే మీ మోటారు బతికినట్టే. దిగకపోతే చెక్క అరిగి ఉండొచ్చు. చాలా యంత్రాల్లో ఆ చెక్కకి రెండు వైపులా నున్నటి పొర ఉంటుంది. విప్పి తిరగేసి బిగిస్తే ఇంకో జన్మ. రెండో వైపూ అరిగిపోయి ఉంటే మీ వడ్రంగిని పిలిచి, అదే మందం గట్టి బోర్డు మీద నున్నటి లామినేట్ అంటించి, పాత చిల్లుల కొలతలకే చిల్లులు పెట్టించండి. కంపెనీ చెక్క కాదని వెనకాడకండి.

బెల్టు ఒక పక్కకి జరుగుతుంటే వెనక రోలరు బోల్టులున్నాయి. కుడికి జరిగితే కుడి బోల్టుని పావు తిప్పు బిగించి, ఖాళీగా కాసేపు నడిపి చూడండి. ఒకేసారి మొత్తం తిప్పేయకండి. బెల్టు మధ్యలో పట్టుకుని ఎత్తితే రెండు మూడంగుళాలు లేవాలి. అంతకన్నా బిగిస్తే రోలరు బేరింగులు పోతాయి. అవి పోయినా దిగులు లేదు. బేరింగు మీద నంబరు ఉంటుంది, మోటారు స్పేరు పార్టుల షాపులో అదే నంబరు అడగండి. మోటారు నుంచి రోలరుకి పోయే గీతల బెల్టు తెగితే వాషింగ్ మిషన్ల స్పేర్లు అమ్మేవాళ్ళ దగ్గర కొలత పెట్టి చూడండి. ఆ జాతి బెల్టులు వాటిలోనూ వాడతారు.

మోటారుని ఒక్క బోరు మోటార్లే చుట్టే షాపుకి కాక, మిక్సీలు, డ్రిల్లింగ్ మిషన్లు కూడా చేసే వైండింగ్ షాపుకి తీసుకెళ్ళండి. ఇంట్లో వాడే ట్రెడ్‌మిల్లుల్లో ఎక్కువగా ఉండేది డీసీ మోటారు, దాంట్లో తిరిగే ఆర్మేచరు మీద పని చెయ్యాలి. మోటారుకి రెండు పక్కలా నల్లటి మూతలుంటాయి. విప్పితే స్ప్రింగుతో పాటు కార్బన్లు బయటికొస్తాయి. కొత్తప్పుడు వేలి కణుపంత ఉన్నవి అరిగి గోరంత అయి ఉంటాయి. మేస్త్రీ వాటిని అరచేతిలో పెట్టి "కార్బన్లు అయిపోయినయ్ సార్, మోటారుకేం కాలేదు" అంటాడు. ఆ కాలిన వాసనకి చాలాసార్లు కారణం అంతే. కార్బన్లు రాసుకునే కమ్యుటేటరు మీది రాగి నల్లబడి ఉంటే సన్నటి గరుకు కాగితంతో మెరిపించి, గాడుల్లో ఇరుక్కున్న కార్బను పొడిని గీకి తీయమనండి. ఆర్మేచరు తీగే కాలి ఉంటే మళ్ళీ చుట్టించండి. వాళ్ళు అడిగినంత ఇవ్వండి, బేరం ఆడకండి.

తెర మీద వచ్చే అక్షరాలకి భయపడకండి. కంపెనీకొక తీరు ఉంటుంది గానీ, చాలావాటిలో ఆ సంకేతాల్లో ఒకటి వేగం చెప్పే సెన్సారు మాట్లాడటం లేదని చెప్పేది. రోలరు చక్రం పక్కన చిన్న అయస్కాంతం, దాని ఎదురుగా ఒక సెన్సారు. దుమ్ము చేరినా, అటూ ఇటూ జరిగినా యంత్రం ఆగిపోతుంది. మడతపెట్టే చోట తీగ నలిగి తెగినా అంతే.

బోర్డు నిజంగానే పోయి, కంపెనీ వాళ్ళు ఆ మోడలు ఆపేశామంటే అది మీకు మంచి వార్త. ఇక కంపెనీతో పని లేదు. చాలా డీసీ మోటార్లకి సరిపోయే కంట్రోలు బోర్డూ, డిస్‌ప్లే కలిపి అమ్మే కిట్లు దొరుకుతున్నాయి. మోటారు మీద రాసిన వోల్టులు, హార్స్‌పవరు చెప్పి తెప్పించుకోండి. ఎర్ర తాడుతో ఉండే సేఫ్టీ కీ మాత్రం పని చేసి తీరాలి. మేస్త్రీ దాన్ని తీసేసి రెండు తీగలు కలిపేస్తానంటే ఒప్పుకోకండి, అక్కడ మాత్రం గట్టిగా ఉండండి.

మన కరెంటు సంగతీ చూసుకోవాలి. యంత్రానికి విడిగా పదిహేను ఆంపుల పవర్ ప్లగ్గు, తగిన సైజు స్టెబిలైజరు ఉండాలి. ఇంట్లో ఫ్యాన్ల కోసం పెట్టుకున్న ఇన్వర్టరు మీద నడపకండి. ఎర్తింగ్ పరీక్షించండి. మన నేల పొడి నేల, రాతి నేల, ఎర్తు సరిగా అందదు. ఎర్తు గుంటలో బొగ్గు, ఉప్పు వేయించి, ఏప్రిల్, మే నెలల్లో అప్పుడప్పుడు నీళ్ళు పోయండి. తాగే నీళ్ళకే ట్యాంకరు కోసం చూసే వీధిలో ఇది పెద్ద కోరికే, తెలుసు. బట్టలు ఉతికిన నీళ్ళు చాలు.

ఇంత చేశాక కూడా యంత్రం ఆరు కిలోమీటర్ల వేగం దాటడం లేదంటారా? దాటక్కర్లేదు. ఒంగోలు పోయి గుండె డాక్టరు దగ్గర ట్రెడ్‌మిల్ మీద నడిపించే టీఎంటీ చేయించుకున్న వాళ్ళకి ఆ పరీక్ష గుర్తుంటుంది. దానికి మూలం 1950ల్లో అమెరికాలోని సియాటెల్‌లో డాక్టర్ రాబర్ట్ బ్రూస్, ఇంజనీరు వేన్ క్వింటన్ చేసిన పని. బ్రూస్ పేరుతో ఇప్పటికీ వాడుతున్న పద్ధతిలో పరీక్ష గంటకి 2.7 కిలోమీటర్ల వేగంతో, పది శాతం వాలుతో మొదలవుతుంది. మూడు నిమిషాలకోసారి వేగం, వాలు పెంచుతారు. తొమ్మిది నిమిషాలు గడిచేదాకా వేగం 5.5 కిలోమీటర్లు దాటదు. గుండెని పరీక్షించడానికి చాలిన వేగం షుగరున్న యాభై ఏళ్ళ మనిషి పొద్దుటి నడకకి చాలదా? బరువైన మనిషి ఒకటీ రెండు కిలోమీటర్ల వేగంతో మాత్రం నడవకూడదు. అంత నెమ్మదిలో మోటారు ఎక్కువ వేడెక్కుతుంది. నాలుగు, ఐదు దగ్గర పెట్టుకోండి. వాలు ఎత్తే మోటారు పోయి ఉంటే ఒక ఎత్తులో బిగించేసి మరిచిపోండి.

కొత్తదాని మీద రాసిన అంకెలు చూసి మీ మనసు లాగుతుంటే ఒక చిన్న లెక్క వేయండి. మన ఇంటి పవర్ ప్లగ్గు ఇవ్వగలిగేది 230 వోల్టులు, 15 ఆంపులు, అంటే 3,450 వాట్లు. హార్స్‌పవరు 746 వాట్లు. అంటే ఎంత పిండినా సుమారు 4.6 హార్స్‌పవరు. డబ్బా మీద ఆరు హెచ్‌పీ అని రాసి, పక్కన చిన్న అక్షరాల్లో 'పీక్' అని ఉంటుంది. అది రెప్పపాటు లాగేది. గంటసేపు నిలబడి లాగేదెంతో 'కంటిన్యూయస్' అన్న చోట చూడండి, రాసి ఉంటే. మీ పాత యంత్రం మోటారుని మీరు విప్పి చూశారు, కార్బన్లు మార్చారు, దాని బలం టాంగ్ టెస్టరు మీద చూశారు. తెలియని దానికోసం తెలిసిన దాన్ని ఎందుకు వదలాలి?

డబ్బు ఖర్చు పెట్టాలని చెయ్యి దురద పెడుతుంటే ఇంకో పాడైన ట్రెడ్‌మిల్ కొనండి. నిజంగానే చెబుతున్నాను. అదే మోడలు, లేదా దానికి దగ్గరిది. పొదిలిలో, కనిగిరిలో, తర్లుపాడులో బట్టలారేసుకునే దండెంగా మారినవి ఎన్నో ఉన్నాయి. పాత ఇనుము ధరకి ఇచ్చేస్తారు. దాని మోటారు, రోలర్లు, సెన్సారు, డిస్‌ప్లే అన్నీ మీకు స్పేర్లే. తెచ్చి వరండాలో పెట్టండి. ఒక ఇంట్లో రెండు ట్రెడ్‌మిల్లులా అని నలుగురూ అంటారు, అననీయండి. ఆ రెండోది ఇనుము సామాన్ల బండి ఎక్కితే దాని బోర్డు, తీగలు ఎక్కడో రాగి కోసం కాలుతాయి, ఆ పొగ ఎవరో పిల్లలు పీలుస్తారు. 2022లో తెచ్చి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు చేస్తున్న ఈ-వ్యర్థాల నియమాల్లో కరెంటు భాగాలున్న క్రీడా పరికరాల్నీ చేర్చారు. నియమం మంచిదే, కానీ మన వీధిలోకి వచ్చేది తక్కెడ పట్టుకున్న బండివాడే. మీ వరండాలో ఉన్నంతకాలం అది ఎవరి ఊపిరితిత్తుల్లోకీ పోదు.

ఖర్చుల చిట్టా రాయకండి. చిట్టా రాస్తే ఏదో ఒక నెలలో కూడిక వేస్తారు, కూడిక వేస్తే కొత్తది కొంటారు. అబ్బాయికి ఫోనులో "వద్దు నాన్నా, మన కంభం మెకానిక్కు చేసేశాడు" అని చెప్పండి, చేయకముందే చెప్పండి. ఎక్స్ఛేంజి మేళా పెట్టిన వారం ఆ వీధి గుండా వెళ్ళకండి. వారంటీ అయిపోయిందని బాధపడేవాళ్ళకి చెప్పేదొక్కటే, ఇప్పుడిక మూత విప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

చివరికి ఫ్రేము అతుకు దగ్గర పగులు వస్తుంది. అక్కడ మాత్రం మార్చాల్సిందేనని మెకానిక్కులు కూడా అంటారు. నేను అనను. ట్రాక్టరు ట్రక్కులు అతికే వెల్డింగు షాపుకి తీసుకెళ్ళండి, పగులు మీద పైపైన అతుకు వేసి సరిపెట్టకుండా రంగు గీకించి, కింద పట్టీ వేసి రెండు వైపులా అతకమనండి. తీసుకెళ్ళే ముందు బోర్డు, మోటారు, డిస్‌ప్లే విప్పి ఇంట్లోనే ఉంచండి. వెల్డింగు కరెంటు ఫ్రేము గుండా పారి వాటిని కాల్చేస్తుంది. తిరిగి బిగించాక ఎవరూ ఎక్కకుండా ఒక పూట ఖాళీగా నడిపి, అతుకు దగ్గర చెయ్యి పెట్టి అదురు ఉందేమో చూడండి. అదురు ఉంటే మళ్ళీ షాపుకే.