ఆడలేక గోడ ఓడు

ఈ వారం మా ఇంటర్నెట్ కంపెనీ ఊరందరి ఫోన్లకూ పంపిన సందేశం మీరూ చూసే ఉంటారు. వైఫై నెమ్మదిస్తే తప్పు తమది కాదట, మన ఇంటి గోడలదట.

నిజమే మరి! గోడలు కట్టుకునే దురలవాటు మనకు తాతల నాటి నుంచీ ఉంది. ఇకనైనా బిల్డర్లు నాలుగు స్తంభాలు లేపి, పైన స్లాబు వేసి, ‘గోడల్లేని త్రీ బీహెచ్‌కే, మూలమూలకూ ఫుల్ సిగ్నల్’ అని హోర్డింగులు పెట్టాలి. బాత్‌రూమ్ సంగతా? దేశ ప్రగతికి ఆమాత్రం త్యాగం చెయ్యలేమా?

గోడల తర్వాత బీరువా వంతు. ఇనుము తరంగాలను తిప్పికొడుతుంది కనక నగలతో సహా దాన్ని వీధిలో పెట్టాలి. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే మైక్రోవేవూ నడుస్తుంది కాబట్టి కూరలు చల్లగానే తినాలి. ఒకదాని మీద ఒకటి పడని ఛానళ్లు అక్కడ 1, 6, 11 మూడే గనక అపార్ట్‌మెంటుకు మూడు కాపురాలే ఉండాలి. నీళ్లు సిగ్నల్‌ను పీల్చేస్తాయి. మనిషి ఒంట్లో సగానికి పైగా నీళ్లే కాబట్టి మామగారు హాల్లోంచి అరుగు మీదికి, ఒళ్లు చేసిన బావగారు పొరుగూరికి. చివరికి ఇంట్లో రౌటరొక్కటే మిగులుతుంది. అప్పుడు చూడాలి దాని వేగం! చూసేవాడుండడు, ఫిర్యాదు చేసేవాడూ ఉండడు. కంపెనీకి కావలసిందీ అదే.

అన్నట్టు, ఆ రౌటర్‌ను టీవీ వెనక మేకుకు తగిలించింది వాళ్ల కుర్రాడే. ‘హాలు మధ్యలో పెట్టు నాయనా’ అంటే, ‘వైరు ఇక్కడిదాకానే వచ్చింది సార్’ అన్నాడు.

సరే, గోడదే తప్పనుకుందాం. రాత్రి తొమ్మిదింటికి వైఫై ఆపేసి, ల్యాప్‌టాప్‌ను మూరెడు లాన్ కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు కలిపాను. మధ్యలో ఇటుక లేదు, బీరువా లేదు, బావగారు లేరు. డబ్బు కట్టింది 100 మెగాబిట్లకు, వచ్చింది 9. 2023లో పెట్టిన నిర్వచనం ప్రకారం కనీసం 2 వస్తే చాలు కనక ఇదీ దర్జాగా బ్రాడ్‌బ్యాండే! పది ఇళ్లకు చాలని లైనును వీధంతటికీ అమ్ముకుని, పై వాటాలో పిల్ల ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టలేక కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే గోడను చూపిస్తారా? సిగ్గుండక్కర్లా? 18 శాతం జీఎస్టీ కలిపిన బిల్లును మాత్రం ఏ గోడా ఆపడం లేదే!

మిగతా 91 ఎక్కడికి పోయాయో ముందు చెప్పండి. గోడల సంగతి మా మేస్త్రి చూసుకుంటాడు.