పస్తుంటే సొంతిల్లు

బెంగళూరు తన మురుగునీటిని కాస్త శుద్ధి చేసి హెబ్బాళ–నాగవార పథకం పైపుల్లో చిక్కబళ్లాపురం చెరువులకి పంపిస్తోంది. తన దగ్గర సైటు కొనలేనివాళ్లనీ ఇటే తోలుతోంది. రెండూ ఇక్కడ అభివృద్ధి పద్దులోనే పడుతున్నాయి.

2008లో దేవనహళ్లి దగ్గర విమానాశ్రయం తెరిచినప్పటి నుంచీ 44వ నంబరు హైవే పక్కన రాగి చేలల్లో సున్నం కొట్టిన హద్దురాళ్లు మొలుస్తున్నాయి. ముందొక ఆర్చి, రంగు జెండాలు, నంది కొండ కనిపించే సైటని బోర్డు. కొండ కనిపించే మాట నిజమే. కుళాయే కనిపించదు.

ఇక సర్కారు లెక్క. జీఎస్టీ దృష్టిలో 45 లక్షల దాకా ఇల్లు అందుబాటు ధరదే. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకంలో ఆర్థికంగా బలహీనులంటే ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లు. చింతామణి మండీలో టమాటా బాక్సులు మోసే మనిషికి ఆ 3 లక్షలూ వస్తాయనే అనుకుందాం. 15 ఏళ్లు తిండి మానేస్తే చాలు, ఇల్లు అందేసినట్టే! (వడ్డీ వేరే.)

ఇదే జిల్లాలోని బాగేపల్లికి మాత్రం వరం దక్కింది. 2025 జూలైలో నంది కొండ మీద కొలువుదీరిన మంత్రివర్గం ఆ ఊరి పేరు భాగ్యనగరగా మార్చడానికి ఆమోదం తెలిపింది. ఆగస్టు నెలాఖరుకల్లా కర్ణాటక సర్కారు రాష్ట్రమంతటా రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం నుంచి 2 శాతానికి పెంచింది. అద్దెకున్నవాళ్లకి కొత్త ఖర్చేం లేదు. ఇల్లు ఖాళీ చేసినప్పుడల్లా ఆధార్‌లో అడ్రసు ఎలాగూ మార్చుకుంటారు, ఈసారి ఊరి పేరు కూడా మార్పించుకుంటే సరి.