తలుపు పెడితే మెత్తబడుతుందట!

ఇంగ్లండ్‌లో ఒక జాతి మగమహారాజులు ఉన్నారు. శనివారం వచ్చిందంటే చాలు, గ్యారేజీలో దూరి, ఇనప గొట్టాలు కోసి, వెల్డింగ్ చేసి, సొంత స్పోర్ట్స్ కారు కట్టుకుంటారు. కిట్ కారు అంటారు దాన్ని. ఇంజనూ గేర్‌బాక్సూ ఏ పాత ఫోర్డ్ ఎస్కార్ట్‌లోంచో ఊడబీకుతారు, మిగతావి కొని బిగిస్తారు. అభిరుచి ముచ్చటైనదే, దానితో నాకు పేచీ లేదు. పేచీ అంతా కారు పూర్తయ్యాక, "తలుపులేవండీ?" అని అడిగినవాడికి వచ్చే జవాబుతోనే. "చాసీ బిగువు కోసం పెట్టలేదు" అంటారు. అనేసి, చేతి గ్రీజు గుడ్డకు తుడుచుకుంటూ మనవైపు జాలిగా చూస్తారు. తలుపున్న కార్లలో తిరిగే మనమంతా మెత్తటి మనుషులమని ఆ చూపుకు అర్థం.

మన ఆటోకీ తలుపుల్లేవు. ఇన్నేళ్లలో ఏ ఆటో అన్నయ్యా దాన్ని టోర్షనల్ రిజిడిటీ, అంటే మెలితిరగని బిగువు, అని చెప్పుకోలేదు. తలుపు ఖర్చు, తలుపు అడ్డం, అందుకే లేదు. అంత నిజాయితీ ఈ దొరల గ్యారేజీల్లో దొరకదు.

వాళ్ల వాదన పచ్చి అబద్ధమైతే ఈ వ్యాసమే అక్కర్లేకపోను. అందులో కాస్త శాస్త్రం ఉంది, చిక్కంతా అదే. కారు పక్కన పైనొక గొట్టం, కిందొక గొట్టం వేసి, మధ్యలో ఏటవాలు గొట్టాలు బిగిస్తే అదొక దూలం. ఆ రెంటి మధ్య దూరం రెట్టింపైతే వంగకుండా నిలిచే బిగువు సుమారు నాలుగింతలవుతుంది. తలుపు కోసం పై గొట్టాన్ని తెగ్గోస్తే ఆ లాభం పోయినట్టే. ఇంతవరకూ ఒప్పుకుందాం. కానీ చుట్టూ మూసుకున్న గొట్టాన్ని మెలితిప్పడం ఎంత కష్టమో, నిలువునా చీల్చిన గొట్టాన్ని మెలితిప్పడం అంత తేలిక. కారూ అలాంటి గొట్టమే, వీళ్ల కారుకి పైకప్పే లేదు! మనిషి కూర్చునే చోట పైనంతా బార్లా తెరిచిపెట్టి, పక్కన తలుపు మాత్రం మూసేసి, బిగువు కాపాడామంటే వినడానికి బాగానే ఉంటుంది.

ఈ కార్ల మూలపురుషుడు లోటస్ సెవెన్. 1957లో కోలిన్ చాప్‌మన్ తెచ్చాడు. దానికి తలుపుల్లేకపోవడం వెనక గొప్ప సిద్ధాంతమేమీ లేదు. చవగ్గా, తేలిగ్గా ఉండాలి, కుర్రాళ్లు ఆదివారం రేసులో నడుపుకోవాలి, అంతే. ముక్కలుగా అమ్మడంలోనూ లెక్క ఉంది. అప్పటి బ్రిటన్‌లో పూర్తయిన కారుకి కొనుగోలు పన్ను ఉండేది, కిట్‌కి లేదు. జోడించే పద్ధతి రాసిస్తే పన్ను పడుతుందని, విప్పే పద్ధతి రాసిచ్చేవారట. కొన్నవాడు దాన్ని వెనకనుంచి ముందుకు చదువుకోవాలి! 1973లో వ్యాట్ వచ్చి ఆ దారి మూసుకుపోయింది, ఆ ఏడే సెవెన్ హక్కులు కేటర్‌హమ్ అనే కంపెనీ చేతికి వెళ్లాయి. 1996లో రాన్ చాంపియన్ అనే ఆయన 250 పౌండ్లతో స్పోర్ట్స్ కారు కట్టుకోవచ్చని ఏకంగా పుస్తకమే వేశాడు. అందులోని అంగుళం చదరపు గొట్టాల చట్రాన్ని చూసి ఎన్ని గ్యారేజీల్లో వెల్డింగ్ మిషన్లు వెలిగాయో! ఇలా డబ్బు మిగలడానికి, శ్రమ మిగలడానికి వదిలేసిన తలుపు, రెండు తరాలు తిరిగేసరికి ఇంజినీరింగ్ త్యాగమై కూర్చుంది.

నిజంగా బిగువు కోసం తలుపుతో కుస్తీ పట్టినవాళ్లు లేకపోలేదు. మెర్సిడెస్ వాళ్ల 300 ఎస్‌ఎల్ చూడండి. రుడాల్ఫ్ ఉలెన్‌హాట్ బృందం సన్న గొట్టాలతో చట్రం అల్లింది. బిగువు రావాలంటే ఆ చట్రం పక్కలు ఎత్తుగా ఉండక తప్పలేదు, మామూలు తలుపు పెట్టే చోటు లేదు. మరి ఏం చేశారు? "బిగువు కోసం మానేశాం" అని చేతులు దులుపుకున్నారా? లేదు. తలుపుని పైకప్పుకి బందులు వేసి ఆకాశంలోకి తెరిచారు. 1952 రేసుల్లో మొదట అది కిటికీ మేరకే ఉండేది, డ్రైవరు దొంగలా దూరేవాడు. లే మాన్స్ నాటికి దాన్ని కిందికి పెంచారు, ఆ రేసూ గెలిచారు. 1954లో రోడ్డు మీదికి వచ్చిన కారులో గడప ఇంకా ఎత్తే. దాటలేక అవస్థపడతారని స్టీరింగ్ చక్రాన్నే మడిచేట్టు పెట్టారు. 1957లో టాపు లేని కారు చేయాల్సి వచ్చినప్పుడు చట్రం పక్కల్ని మార్చి కిందికి దించి, మనందరికీ తెలిసిన మామూలు తలుపులు బిగించారు. కప్పు పోయి బిగువు తగ్గే వేళ, అదే వేళ, తలుపు పెట్టారు! మన గ్యారేజీ పండితుడు ఆ రోజు మెర్సిడెస్ వాళ్ల స్టుట్‌గార్ట్‌లో ఉంటే వాళ్లకి ఎంత బుద్ధి చెప్పేవాడో.

చాప్‌మన్‌గారి సంగతీ అంతే. 1962లో లోటస్ ఎలాన్‌కి ఉక్కు రేకుతో మధ్యన వెన్నెముక లాంటి చాసీ వేసి, పక్కల మీద భారం తీసేసి, శుభ్రంగా తలుపులు పెట్టాడు. లోటస్ వాళ్ల 1996 ఎలీజ్‌కి అల్యూమినియం ముక్కల్ని జిగురుతో అతికించిన చాసీ. దాని బరువు 68 కిలోలే, కారుకి తలుపులూ ఉన్నాయి. కాకపోతే గడప ఎత్తు. జనం గొణిగితే రెండో తరం కారులో ఆ గడప కాస్త దించారు. తలుపు లేని కారుతో పేరు తెచ్చుకున్న కంపెనీయే తలుపు కోసం ఇన్ని పాట్లు పడింది. ఆ కారు నకళ్లు కట్టేవాళ్లకు మాత్రం తలుపంటే బలహీనత.

పోనీ, కొలిచారా? కొలవడం బ్రహ్మవిద్య కాదు. చాసీ వెనక కొసని కదలకుండా బిగించి, ముందు కొసన అడ్డంగా దూలం కట్టి, దాని చివర తెలిసిన బరువు వేలాడదీసి, ఎంత మెలితిరిగిందో డయల్ గేజ్‌తో చూడటమే. డిగ్రీకి ఇన్ని న్యూటన్ మీటర్లని తేలిపోతుంది. తలుపు చోటు తెరిచి ఒకసారి, మూసి ఒకసారి చూస్తే వాదనే ఉండదు. స్పార్క్ ప్లగ్ సందు మిల్లీమీటరులో ఎన్నో వంతో నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి, ఈ ఒక్క అంకె అడిగితే మాత్రం వాతావరణం గురించి మాట్లాడతాడు. పైగా సస్పెన్షన్ బిగువుకి చాసీ బిగువు కొన్ని రెట్లు దాటాక, ఆపైన ఎంత పెంచినా డ్రైవరుకి తెలిసేది తక్కువ. ఆదివారం పొద్దున పబ్బు దాకా వెళ్లొచ్చే కారుకి అది ఇంకా తక్కువ.

అసలు కారణం నేను చెబుతాను: తలుపు చేయడం మహా కష్టం. బందులు కుంగకూడదు, లాకు రెండు మెట్లలో పడాలి, అద్దం దిగాలి ఎక్కాలి, రబ్బరు నీళ్లు ఆపాలి, ఆపలేని నీళ్లు అడుగు కంతల్లోంచి పోవాలి, చుట్టూ సందు ఒక్క తీరుగా ఉండాలి. ఫైబర్‌గ్లాస్ తలుపైతే పొద్దున ఒక సందు, మధ్యాహ్నం ఒక సందు. సొంతంగా కట్టిన కారు బ్రిటన్‌లో రోడ్డెక్కాలంటే ఐవీఏ పరీక్ష నెగ్గాలి. తలుపుంటే దాని బందుల్నీ లాకునీ కూడా చూస్తారు, లేకపోతే ఆ పేజీ తిప్పేయడమే. ఆడలేక మద్దెల ఓడన్నది పాత కథ. మన గ్యారేజీ పండితుడు ఆడలేకపోతే, మద్దెల లేకపోవడమే అసలు నాట్యమంటాడు.

ఇక ఎక్కడం. ముందు ఒక కాలు పక్క మీదుగా వేసి సీటు మీద నిలబడాలి. రెండో కాలు లాక్కోవాలి. రెండు చేతులూ ఆన్చి, కాళ్లు స్టీరింగ్ కిందికి తోస్తూ లోపలికి జారాలి. దిగేటప్పుడు ఇదంతా తిరగేసి చేయాలి, పక్కనే బయటినుంచి వెళ్లే వేడి సైలెన్సర్ గొట్టానికి పిక్క తగలకుండా. చీర కట్టుకున్న అత్తగారిని ఒకసారి ఎక్కించి, ఆ తర్వాత బిగువు గురించి ఆవిడకే వివరిస్తే బాగుంటుంది. మన ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు కోయంబత్తూరులో ఫార్ములా భారత్ పోటీకి పట్టుకెళ్లే కార్లకీ తలుపులుండవు. అయితే అక్కడ డ్రైవరు 5 సెకన్లలో బయటపడి చూపించాలి, లేకపోతే కారు ట్రాకెక్కదు. ఆ పరీక్ష మన శనివారం వీరులకి పెడితే ఎంతమంది నెగ్గుతారో తెలీదు గానీ, చూడటానికి టికెట్ పెట్టొచ్చు.

ఇంత చేసీ, ఇంగ్లండ్‌లో వాన పడుతుంది కదా. అప్పుడు ఈ వీరులు కేటలాగు తెరిచి, ముందు అద్దం పక్క కమ్మీకి తగిలించుకునే గుడ్డ తలుపులు, అదనపు ధరకి, బందులతో సహా ఆర్డరు పెడతారు. అవి బిగించాక చాసీ మెత్తబడిందని ఇంతవరకూ ఒక్కడూ ఫిర్యాదు చేయలేదు.