ఎనిమిది గజాల నేను

నన్ను కుట్టింది పేరున్న దర్జీ కాదు. స్కాట్లండ్‌లోని ఫాల్కర్క్ ఊళ్లో, వంటింటి బల్ల మీద, అమ్మమ్మ చెబుతుంటే మనవడు కుట్టాడు. అది 1998 వసంతం. స్కాట్లండ్ జట్టు ప్రపంచ కప్ ఫుట్‌బాల్ ఆడటానికి ఫ్రాన్స్ వెళ్లబోతోంది. జట్టు వెంట వెళ్లే అభిమానుల్లో చాలామంది నడుముకు కిల్ట్ ఉంటుంది: మగవాళ్లు చుట్టుకునే గళ్ల కుచ్చిళ్ల బట్ట. కుర్రాడికీ ఆ గుంపులో కలవాలని ఆశ. చేతిలో ఉన్న డబ్బు ప్రయాణానికే బొటాబొటీ. కొట్లో కుట్టించుకునే స్తోమత లేదు.

"గుడ్డ నేను కొంటాను. కుట్టడం నువ్వు నేర్చుకో నాయనా," అంది అమ్మమ్మ.

ఆవిడ వయసులో ఉండగా గాలాషీల్స్ ఉన్ని మిల్లులో పనిచేసింది. మగ్గం దిగిన గుడ్డలో తెగిన పోగు, తప్పిన పోగు వెతికి సూదితో సరిచెయ్యడం ఆవిడ పని. గుడ్డను కళ్లతో కాదు, వేళ్లతో చూసేది. నా మీద మొదట పడిన చేతులు అటువంటివని ఇప్పటికీ నాకు గర్వమే.

పెద్ద పన్నా గుడ్డ నాలుగు గజాలు కొని, నిలువునా రెండుగా చీల్చి, కొసలు కలిపితే నేను ఎనిమిది గజాలయ్యాను. అతుకు ఒక కుచ్చిలి లోపల దాక్కుంది. ఇంతవరకూ ఎవరి కంటా పడలేదు. నా కింది వైపు మడత కుట్టు ఉండదు. మగ్గం మీద నేసిన అంచే నాకూ అంచు. అందుకే కొలత ముందే తేల్చుకోవాలి. అమ్మమ్మ మనవణ్ణి మోకాళ్ల మీద నిలబెట్టి, అంచు నేలకు అంగుళం పైన ఉండేలా చూసింది. వెనక వైపు కుచ్చిళ్లన్నీ, మడత పెట్టాక కూడా గళ్లు చెదరకుండా ఒకదాని పక్కన ఒకటి కలిసేలా మడవాలి. నడుము నుంచి పిరుదుల దాకా చేతికుట్టు. అక్కణ్ణించి కిందికి స్వేచ్ఛ. నడిచినప్పుడు ఊగేది ఆ స్వేచ్ఛే. లోపల కాన్వాసు, లైనింగు, పక్కన తోలు పట్టీలు, బకిళ్లు... ఆ సంగతులు దర్జీలకు వదిలేద్దాం.

నా గళ్లు బ్లాక్ వాచ్ గళ్లు: ముదురు ఆకుపచ్చ, నీలం, నలుపు. కుర్రాడికి ఫలానా వంశం గళ్లని చెప్పుకోవడానికి ఏమీ లేదు కాబట్టి, ఎవరైనా కట్టుకోదగిన వీటిని ఎంచుకున్నారు. కుడుతున్న రాత్రుల్లో అమ్మమ్మ వీటి కథ చెప్పింది. 1746లో కల్లోడెన్ మైదానంలో స్కాట్లండ్ కొండసీమ తిరుగుబాటు అణిగిపోయాక, ఆ సీమ మగవాళ్లూ మగపిల్లలూ తమ దుస్తులు తొడగకూడదని లండన్ పార్లమెంటు చట్టం చేసింది. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల ఖైదు. రెండోసారి పట్టుబడితే ఏడేళ్లు సముద్రం అవతలికి. సైన్యానికి మాత్రం మినహాయింపు. కొండసీమను కాపలా కాయడానికి పుట్టిన దళాల నుంచే బ్లాక్ వాచ్ రెజిమెంటు వచ్చింది. 1782లో చట్టం రద్దయ్యేదాకా, తమ కిల్ట్‌లు దాచుకున్న ఇళ్ల ముందు నుంచి నా గళ్లు దర్జాగా నడిచి వెళ్లాయన్నమాట. ఆ సంగతి తలుచుకుంటే నాకు గర్వం రాదు. ఈ గళ్లు ఇప్పుడు ఏ సిపాయివీ కానందుకు, ఎవరైనా కట్టుకోగలిగినందుకు మాత్రం సంతోషిస్తాను.

కుర్రాడు బయల్దేరే ముందు అమ్మమ్మ తన పాత నైలాన్ మేజోడు కాలొకటి కత్తిరించి చేతికిచ్చింది. "విప్పాక పొడుగ్గా చుట్టి ఇందులో దూర్చు. కుచ్చిళ్లు నలగవు."

ఇక పారిస్. కిల్ట్ కట్టుకున్న మనుషులు వీధి నిండా. ఎర్ర గళ్లు, పచ్చ గళ్లు, పసుపు గళ్లు; పైన ఫుట్‌బాల్ చొక్కాలు, కింద బరువైన బూట్లు. ఎక్కడో బ్యాగ్‌పైప్ మోగుతోంది. మావాడు గుంపు అంచున బెరుగ్గా నిలబడ్డాడు. వంటింట్లో కుట్టింది కదా, ఎవరైనా నవ్వుతారేమోనని వాడి భయం. నెరిసిన గడ్డం పెద్దాయన ఒకరు దగ్గరికొచ్చి, వంగి, నా ముందు భాగంలో ఉన్న పిన్ను ఊడదీశారు. "రెండు పొరలకూ గుచ్చకు బాబూ, చిరుగుతుంది. పై పొరకే," అని మళ్లీ పెట్టారు. కూర్చునే ముందు వెనక కుచ్చిళ్లు అరచేత్తో ఎలా సర్దుకోవాలో ఇంకొకాయన చూపించాడు. ఎవరు కుట్టారని అడిగారు. "నేనే, మా అమ్మమ్మతో కలిసి" అన్నాడు మావాడు. పెద్దాయన నా కుట్టు మీద బొటనవేలు రాసి తలూపారు. ఆ తర్వాత వాడు అంచున నిలబడలేదు.

జూన్ 10న స్టాడ్ ద ఫ్రాన్స్‌లో బ్రెజిల్‌తో తొలి మ్యాచ్. ఆటకు ముందు మా జట్టు ఆటగాళ్లు కూడా కిల్ట్‌లతోనే మైదానంలోకి వచ్చారు. ఆ కేక నా ప్రతి పోగులోకీ దిగింది. బ్రెజిల్ మొదట గోల్ కొట్టింది. జాన్ కాలిన్స్ పెనాల్టీతో సమం చేసినప్పుడు పక్కనున్నవాడు ఎగిరి మావాణ్ణి కావలించుకున్నాడు, వాడి చేతిలోని బీరంతా నా మీద ఒలికింది. చివరికి సొంత గోల్‌తో 2–1 తేడాతో ఓడాం. అయినా ఆ రాత్రి ఎవరూ ఏడవలేదు. నా జీవితంలో నన్ను అంతగా ప్రేమించిన రోజు మరొకటి లేదు.

నా పతనం కూడా ఆ రోజు మరకతోనే మొదలైంది.

ఇంటికొచ్చాక వాడు నన్ను మేజోట్లో పెట్టలేదు. ఉతికించలేదు, కనీసం తడిగుడ్డతో తుడవలేదు. చెమట, బీరు అలాగే ఉండగా పెట్టెలో కుక్కి అటక మీదికి తోశాడు. మళ్లీ ప్రపంచ కప్ వస్తే తీద్దామనుకున్నాడేమో. స్కాట్లండ్ జట్టుకు ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ అర్హతే రాలేదు.

ఉన్ని తినేది ఎగిరే చిమ్మట కాదు. దానికి తినే నోరే ఉండదు. అది పెట్టిన గుడ్లలోంచి వచ్చే పురుగు తింటుంది. శుభ్రమైన ఉన్ని కన్నా చెమటో తిండో అంటిన ఉన్ని దానికి ఇష్టం. చీకటి కావాలి, కదలిక ఉండకూడదు. ఇవన్నీ దానికి నేను సమకూర్చాను; కాదు, నాకు సమకూర్చి పెట్టారు. బీరు ఒలికిన చోటే మొదటి కన్నం పడింది. పెట్టెలో ఒక్క కలరా ఉండ వేసినా, ఏడాదికోసారి బయటికి తీసి దులిపి ఎండకు పెట్టినా అక్కడితో ఆగేది. ఎవరూ తియ్యలేదు. నన్ను చూడాలని అడిగే అమ్మమ్మ కూడా వెళ్లిపోయింది.

ఒకరోజు పెట్టె తెరుచుకుంది. వాడి పెళ్లి! నేను ఊపిరి బిగబట్టాను. వాడు నన్ను నడుముకు చుట్టి చూశాడు, చాల్లేదు. ఒళ్లు చేసే వయసు, వాడి తప్పేం లేదు. బకిళ్లు కాస్త జరిపి కుడితే సరిపోయేది. కిల్ట్ అంటేనే అలా జరుపుకుంటూ తండ్రి నుంచి కొడుక్కి ఇవ్వగలిగింది. వాడు మూత వేశాడు. పెళ్లికి అద్దె కిల్ట్ కట్టుకున్నాడు. సూది పట్టడం నేర్చిన చేతులవి, ఆ పని వాటికి ఒక సాయంత్రం పని. ఇన్నేళ్ల చీకటి కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

ఇల్లు మారేటప్పుడు నన్ను పాత పరుపు దుప్పట్లతో కలిపి సంచిలో వేసి, విరాళాల బట్టలమ్మే కొట్టు గుమ్మంలో వదిలారు. కన్నాలు చూసి చింకిగుడ్డల బుట్టలో వెయ్యబోయారు. అక్కడ ఊరికే సాయం చెయ్యడానికొచ్చే ముసలావిడ నన్ను తిప్పి, నడుము కుట్టును చూసి ఆగింది. ఇంటికి తీసుకెళ్లి, పురుగులు చచ్చేలా చాలా రోజులు ఫ్రీజర్లో ఉంచింది. తర్వాత నా లోపలి పొరల్లోంచే పోగులు లాగి కన్నాలు పూడ్చింది. గాలాషీల్స్ చేతులు గుర్తొచ్చాయి నాకు.

కొట్టు గాజు వెనక నన్ను చూసి కొన్నది గ్లాస్గోలో చదువుకుంటున్న ఒక కుర్రాడు. స్నేహితులందరికీ కిల్ట్‌లున్నాయి, ఇతనికి లేదు. 2025 నవంబర్ 18న నన్ను కట్టుకుని వాళ్లతో హాంప్‌డెన్ పార్క్ వెళ్లాడు. డెన్మార్క్‌ను 4–2తో ఓడించి స్కాట్లండ్ 2026 ప్రపంచ కప్‌కు అర్హత సాధించింది. 1998 తర్వాత ఇదే మొదటిసారి. మళ్లీ కేకలు, మళ్లీ కావలింతలు, మళ్లీ నా మీద బీరు. కానీ ఆ రాత్రే ఇతను తడిగుడ్డతో మరక అద్ది, నన్ను గాలికి ఆరేశాడు.

2026లోనూ స్కాట్లండ్‌కు బ్రెజిల్, మొరాకోలతోనే గ్రూపు పడింది, ఫ్రాన్స్‌లో పడ్డట్టే. ఆట అమెరికాలో, నడివేసవిలో. ఇంత ఉన్ని మోయలేవు, పలచటి పాలిస్టర్ కిల్ట్ కొనుక్కోమని స్నేహితులు ఇతనికి చెబుతున్నారు. ఇతను ఇంకా ఏమీ తేల్చలేదు. చెమట పట్టనీ, బీరు ఒలకనీ, నన్నే తీసుకెళ్లమంటాను నేను. తిరిగొచ్చాక తుడిస్తే చాలు.