మా కుంట జాతకంలో ఆరు దోషాలు

నీళ్ళు ఎట్లా వస్తాయో చెప్పలేని మనిషి మా సీమలో ఉండడు. శ్రీశైలం దగ్గర ఎత్తిన కృష్ణ నీళ్ళు హంద్రీ-నీవా వెంబడి వచ్చి, పుంగనూరు ఉపకాలువ ఎక్కి, కుప్పం ఉపకాలువలోకి ఎట్లా దిగాలో టీ అంగడి బెంచీ మీద వేలు తడిపి గీసి చూపిస్తారు. వచ్చిన నీళ్ళు ఎట్లా పోవాలని మాత్రం ఎవరూ అడగరు. ముందు రానీ, పోయే సంగతి తర్వాత చూసుకుందాం అనే ధీమా. భాగపరిష్కారంలో మా నాయన తవ్వించిన కుంట నా వాటాకు రావడంతో ఆ తర్వాతి సంగతి చూసుకునే భాగ్యం నాకు దక్కింది. మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో లోపలికి ఉంటుంది మా చేను. ఆ కుంట నవంబరులో నీళ్ళు పట్టలేక టమాటా చేనును ముంచుతుంది. మార్చికల్లా అడుగున బురద పెచ్చులు లేచి, నేనెప్పుడూ నీళ్ళు చూడలేదు సామీ అన్నట్టు అమాయకంగా పడి ఉంటుంది.

ఈ జబ్బులకు పేర్లు 1369లోనే పెట్టారు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గరి శాసనం ఆ యేటిది. విజయనగరం బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వెయ్యిమంది కూలీలను, వంద బండ్లను పెట్టి రెండేళ్ళలో చెరువు కట్టించాడు. అంతటితో ఊరుకోకుండా మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, చెరువుకు పట్టే ఆరు దోషాలను రాతి మీద చెక్కించాడు. కట్ట కారడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, నడుమ మిట్ట ఉండటం, నీళ్ళు తక్కువై తడపాల్సిన నేల ఎక్కువ కావడం, నీళ్ళు ఎక్కువై నేల తక్కువ కావడం: ఇవీ ఆరు. పెళ్ళిచూపులకు ముందు జాతకం చూసినట్టు మా కుంటను ఈ పట్టీతో సరిచూశాను. చవుడు లేదు, దాని బదులు గరుసు ఉంది. మిగతావన్నీ కుదిరాయి. మూడోదాని కథ చివర్న చెబుతాను. దానికి జేసీబీ పనికిరాదు.

మొదటి దోషం కట్ట కారడం. కారుతోందా, ఆవిరైపోతోందా అని ముందు తేల్చమన్నాడు మదనపల్లెలో రిటైరైన మా ఇంజనీరు మామ. ఎండాకాలం మా వైపు రోజుకు 5, 6 మిల్లీమీటర్లు ఎండే తాగేస్తుంది, దానికి కట్టను తిట్టి లాభం లేదు. కుంటలో ఒక బక్కెటు నిలబెట్టి, లోపలా బయటా నీళ్ళు ఒకే మట్టానికి ఉండేట్టు నింపాలి. రెండూ సమానంగా దిగితే నేరం సూర్యుడిది. బయట ఎక్కువ దిగితే కుంటది. ఇంత తేలికైన పరీక్ష లోకంలో ఇంకొకటి లేదనుకున్నాను. మరునాడు చూస్తే కుంట నాలుగు వేళ్ళు దిగింది, బక్కెటు మాత్రం అడుగంటా ఖాళీ. మామ గడ్డం నిమురుకుంటూ ఉంటే, ఆ పక్కన ఎనుమొకటి మూతి నాకుకుంటూ నిలబడి ఉంది. చుట్టూ ముళ్ళకంప కట్టాక తేలింది: కుంట కారుతోంది.

ఎక్కడ కారుతోంది? నీళ్ళలో రంగు కలిపి అవతల ఎక్కడ తేలుతుందో చూడమన్నాడు మామ. మందుల అంగట్లో దొరికే రంగులు మాకు తెలియవు. మా అమ్మ పూజగదిలో డబ్బాడు కుంకుమ ఉంది. కట్ట కింద పాత తూము గొట్టం దగ్గర కలిపాం. కాసేపటికి కట్ట అవతల, గెనిమ పక్కన ఎండ్రకాయ బొక్కలోంచి ఎర్రటి నీళ్ళు బుడబుడమని వచ్చాయి. మామకు పట్టలేని సంతోషం. కింది చేని అన్నకు పట్టలేని భయం. తెల్లారేసరికి ఆయన గెనిమ మీద నాలుగు నిమ్మకాయలు, కర్పూరం. "అయ్యోరా, చదువు చెప్పేవాడివి, ఈ పన్లేంది?" అని అడిగాడు. ఎండ్రకాయల గురించి నేను చెప్పిందంతా విని, నిమ్మకాయలను మాత్రం తీయలేదు.

రోగం తెలిసింది. గొట్టం చుట్టూ గట్టిపడని మట్టిలో నీళ్ళు గొట్టాన్నే పట్టుకుని దారి చేసుకున్నాయి. ఎండ్రకాయలు, ఎలుకలు ఆ దారిని వెడల్పు చేశాయి. కట్ట మీద ఎండిపోయిన తుమ్మ మొద్దు వేర్లు కుళ్ళి మిగతా సాయం చేశాయి. మదనపల్లె అంగట్లో మాత్రం అన్నిటికీ ఒకటే మందు: 500 మైక్రాన్ల ప్లాస్టిక్ పట్ట. లెక్క రాసిచ్చిన కాగితం చూసి, 2023 జూలైలో మాదిరి మార్కెట్లో టమాటా మళ్ళీ కిలో 200 దరిదాపులకు పోతే వస్తానని చెప్పి బయటపడ్డాను. ఇట్లాంటి వాయిదాకు అంగడి ఆయన అలవాటు పడినట్టే ఉంది. టీ తెప్పించాడు.

పట్ట లేకపోతే పాత పద్ధతే. కట్ట లోపలి వాలు పొడుగునా కాలువ తీసి, చెరువు పూడికలోని బంకమన్ను పొరపొరగా వేసి, తడిపి, పశువుల చేత తొక్కించాలి. గిట్టల బరువుకు మన్ను అణిగి సందులు మూసుకుంటాయి. గొట్టానికి నడుమ సిమెంటు పట్టీ కడితే నీళ్ళు దాన్ని పట్టుకుని జారలేవు. పుంగనూరులో మా చిన్నాయన ఈ మాట వినగానే "మన ఆవులుండగా బయటివాళ్ళ పశువులెందుకురా?" అని తన రెండు ఆవులను బండెక్కించాడు. అవి పుంగనూరు ఆవులు. ఎత్తు మూడడుగులకు లోపే. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో స్వయంగా గడ్డి తినిపించింది ఈ జాతికే. ఆ వంశగౌరవం అవి మరిచినట్టు లేవు. బంకమన్ను మీద రెండడుగులు వేసి, కాళ్ళకు అంటిన బురద చూసుకుని, గట్టెక్కి నిలబడ్డాయి. ఊళ్ళో పిల్లలంతా సెల్‌ఫోన్లు తెచ్చి ఫోటోలు దిగారు. తొక్కే పని చివరికి పేరూ ఊరూ లేని నాలుగు ఎనుములు చేశాయి. బక్కెట్లో నీళ్ళు తాగిన ఎనుమే వాటిలో ముందుండి మరీ తొక్కింది.

నడుమ మిట్ట సంగతి ఒక్క మాటలో చెప్పొచ్చు. అది గుండ్రాయి. జేసీబీ డ్రైవరు రెండు దెబ్బలు కొట్టి, "బండ సామీ, దాని జోలికి పోవద్దు" అని గంటకు లెక్క కట్టించుకుని వెళ్ళాడు. భవదూరుడికే లొంగని దోషం నాకెక్కడ లొంగుతుంది?

ఇక నీళ్ళు ఎక్కువయ్యే దోషం. 2021 నవంబరు వానలకు సీమంతా వంకలు పొంగాయి. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్టే తెగిపోయింది. ఆ భయం మనసులో ఉన్నవాడికి నిండు కుంట కట్ట మీద నిద్ర పట్టదు. ఒక వానాకాలం అట్లాగే అంచుదాకా నిండింది. కట్ట కోసి నీళ్ళు వదిలితే కోసిన చోటు ఆగదు, కట్టంతా పోతుంది. కుప్పం నుంచి మా బామ్మర్ది వచ్చాడు. "బావా, కట్ట ముట్టుకోవద్దు, గొట్టం ఇటు ముంచి అటు వేలాడదీద్దాం, నీళ్ళే ఎక్కి దిగుతాయి" అన్నాడు. సముద్రమట్టం దగ్గరైతే గాలి ఒత్తిడి నీళ్ళను పది మీటర్లకు కాస్త పైదాకా ఎత్తగలదు. మదనపల్లె ఇంచుమించు 700 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ముప్పావు మీటరుకు కాస్త పైనే తరుగు. మా కట్ట మనిషెత్తు, అంచేత ఇబ్బంది లేదు. ఇబ్బందంతా గొట్టంలో గాలి చేరకుండా నీళ్ళు నింపడంలో ఉంది. రెండు మూతులూ మూసి, నింపి, ఒక్కసారిగా తెరవాలి. బామ్మర్దిది మూడు రాష్ట్రాలు కలిసే ఊరు కనుక, మూత జారిన ప్రతిసారీ గొట్టాన్ని తెలుగులోనూ తమిళంలోనూ కన్నడంలోనూ తిట్టాడు. కన్నడం తర్వాత నీళ్ళు పారాయి.

పారి ఎక్కడికి పోయాయి? కింది చేని అన్న టమాటాలోకి. "అయ్యోరా, నీ కుంట నీ సొత్తు, ఒప్పుకుంటా. మరి నీ నీళ్ళు నా చేన్లో ఏం చేస్తా ఉండాయి?" అన్నాడు. మూడో దోషం అర్థమైంది అప్పుడే. రెండు రాజ్యాల సరిహద్దంటే కోటలు, సైన్యాలే కానక్కర్లేదు, గెనిమ చాలు. మా బామ్మర్ది ఊరి పక్క పారే పాలారు కథా ఇంతే. 1892లోనే మద్రాసు, మైసూరు నదుల మీద ఒప్పందం రాసుకున్నాయి. 2006లో కుప్పం దగ్గర గణేశపురంలో ఆనకట్ట అనగానే తమిళనాడు సుప్రీంకోర్టుకెక్కింది. నీళ్ళకు పల్లం తెలుసు గానీ పట్టాదారు పాసుపుస్తకం తెలియదు. ప్రతి వానకూ గొట్టం పట్టుకు తిరగకుండా, నిండిన నీళ్ళు వాటంతటవే పోయేట్టు కుంటకు మొరవ కట్టాలంటే రాయి, సిమెంటు ఖర్చు కొంచెమే. కట్ట తలకంటే రెండడుగులు దిగువగా, రాళ్ళు పరిచి, నీళ్ళు నెమ్మదిగా దిగేట్టు కడితే చాలు. ఆ నీళ్ళు వంక చేరే దారి మాత్రం కింది చేని అన్న గట్టు వెంబడే. మా అమ్మ సంగటి కెలికి, నాటుకోడి కూర చేసి ఆయన్ను భోజనానికి పిలిచింది. రెండో ముద్దకు కాలువ ఒప్పుకున్నాడు. మూడో ముద్దకు, ఆ కాలువకు తన వైపు ఒక మడవ ఉండాలన్నాడు. తనకు కావలసినప్పుడు తిప్పుకుంటాడు, అక్కర్లేనప్పుడు వంకకు పోనిస్తాడు. రాతకోతలు లేవు, సుప్రీంకోర్టు లేదు.

మొరవ బాగా పారింది. కట్ట కారడం నిలిచింది. ఏప్రిల్లోనూ కుంటలో మోకాలిలోతు నీళ్ళు చూసి నేను మీసం మీద చెయ్యేసుకుంటుండగా కింది చేని అన్న వచ్చాడు.

"అయ్యోరా, నీ కుంటకు ఏం చేసినావు?"

"ఏం చేయలేదన్నా, కారకుండా కట్టినా."

"అందుకే నా బావిలో ఊట నిలిచిపోయింది."

ఇన్నేళ్ళూ మా కుంట నుంచి ఇంకిన నీళ్ళే ఆయన పాత బావిలో ఊరుతున్నాయి. మేము దోషమన్నది ఆయనకు వరం. ఇంజనీరు మామను అడిగితే, నీళ్ళు ఇంకడానికే కుంటలు తవ్వేవాళ్ళు కూడా ఉన్నారని, దానికి సాంకేతికంగా ఏ తప్పూ లేదని, ఈ ముక్క ముందే అడిగి ఉండాల్సిందని సెలవిచ్చాడు. కూలిచ్చి మూయించిన కుంటకు ఇప్పుడు కూలిచ్చి కారే ఏర్పాటు చేయాలి. అట్లాగని కట్ట కారనివ్వడం ప్రమాదం. కుంటలో ఆయన బావి వైపు మూలన అడుగు బంకమన్ను తీయించి గరుసు తేల్చాం. కట్ట గట్టిగానే ఉంది, అడుగు మాత్రం ఇంకుతోంది.

ఎంత ఇంకాలన్నదే మిగిలిన తగువు. ముళ్ళకంప మధ్య బక్కెటు ఇప్పటికీ ఉంది. పొద్దున్నే ఇద్దరం వెళ్ళి చూస్తాం. కుంట మరీ దిగితే నా మొహం వాడిపోతుంది, దిగకపోతే ఆయనది. మొన్న ఇద్దరి మొహాలూ బాగానే ఉన్నాయి. వేలెడు దిగింది. "ఇంకో అర వేలు దిగనీ అయ్యోరా, నీదేం పోతాది?" అన్నాడు.