లైనక్స్ సపోర్టెడ్! ఎవరి సపోర్ట్‌తోనో మాత్రం అడక్కండి

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివే కుర్రాడికి ఏం కావాలి? హాస్టల్లో ఓ మంచం, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఓ కుర్చీ, సర్కారు నుంచి ఓ నోటిఫికేషన్. మూడోదాని సంగతి ఎత్తితే బీపీ పెరుగుతుంది, వదిలేద్దాం. ఇప్పుడు నాలుగోది వచ్చి చేరింది. వైఫై డాంగిల్.

ఎందుకంటారా? 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, కాస్త కొత్త ప్రాసెసర్ ఉండాలి. విద్యానగర్ గదుల్లోని సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్‌లకు అంత సీన్ లేదు. చక్కగా పనిచేస్తున్న మెషీన్‌ని పాత సామాన్ల వాడికి తూకానికి వేయాలా? కొత్తదానికి డబ్బు ఎవడి తాత ఇస్తాడు? అందుకే ఉబుంటూనో మింట్‌నో, ఏదో ఒక లైనక్స్ ఎక్కించుకుంటున్నారు. పైసా ఖర్చు లేదు. మెషీన్ పరిగెడుతోంది. నెట్ ఒక్కటే రాదు.

హాస్టల్ ఓనరు గదిగదికీ కేబుల్ లాగించడు. గేటు మీద 'వైఫై కలదు' అని రాయించడంతో ఆయన ధర్మం తీరిపోయింది. పాత డెస్క్‌టాప్‌లో వైఫై కార్డు ఉండదు. కాబట్టి యూఎస్‌బీకి గుచ్చే డాంగిల్ కోసం చలో బజార్.

"అన్నా, లైనక్స్‌ల నడుస్తదా?"

"ప్లగ్ అండ్ ప్లే తమ్మీ, పెట్టుడే ఆలస్యం!"

పెట్టాడు. లైటు వెలిగింది. అంతే, ఇంకేం వెలగలేదు.

డబ్బా మీద 'లైనక్స్ సపోర్టెడ్' అని ఉందా? బ్రహ్మాండంగా ఉంది. ఏ లైనక్స్? దాని గుండెకాయ లాంటి కెర్నెల్ ఏ వెర్షన్? నోరెత్తొద్దు. డబ్బాలో ఓ బుల్లి సీడీ కూడా ఉంది. దాన్ని పెట్టడానికి డ్రైవ్ ఉందా? ఉంటే మాత్రం ఏం ఒరిగింది? అందులో ఉన్నది ఏనాటి కెర్నెల్‌కో రాసి పారేసిన సోర్సు కోడు. ఇవాళ్టి కెర్నెల్ మీద కంపైల్ చేస్తే స్క్రీన్ నిండా ఎర్రర్లే. సరిదిద్దిన కోడు ఎక్కడుంది? ఇంటర్నెట్‌లో! పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు. చివరికి ఫోన్‌కి కేబుల్ తగిలించి, యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసి, సొంత డేటా తగలేసి, వైఫై కోసం డ్రైవర్ దించుకోవాలి. దించుకుని కంపైల్ చేస్తే సెక్యూర్ బూట్ అడ్డం పడుతుంది, సంతకం లేని డ్రైవర్‌ని లోపలికి రానివ్వనంటుంది. అదీ దాటారా? ప్రతి కొత్త కెర్నెల్‌కీ డ్రైవర్‌ని తనే మళ్లీ కంపైల్ చేసే డీకేఎంఎస్ పెట్టుకోకపోతే కెర్నెల్ అప్‌డేట్ రాగానే మళ్లీ మొదటికి!

కొన్ని డాంగిళ్లయితే మరీ ఘనం. గుచ్చగానే "నేను సీడీ డ్రైవ్‌ని" అని చెప్పుకుంటాయి. కడుపులో విండోస్ డ్రైవర్ దాచుకుని వేసే వేషం అది. యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే పనిముట్టుతో బతిమాలితే గానీ అసలు రూపం చూపించవు. ఒక గుర్తు మీద గెలిచి ఇంకో కండువా కప్పుకునే ఎమ్మెల్యేలను చూసి నేర్చుకున్నాయేమో!

పోనీ, మోడల్ పేరు చూసి కొంటే? అదీ చూశాం. టీపీ-లింక్ వారి టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ మొదటి వెర్షన్లో అథెరోస్ ఏఆర్9271 చిప్ ఉండేది, లైనక్స్‌లో ఇట్టే పనిచేసేది. రెండో వెర్షన్‌కి వచ్చేసరికి లోపల రియల్‌టెక్ చిప్ పెట్టారు. పేరు మాత్రం అదే!

అసలు తమాషా వినండి. హాస్టల్ గోడకున్న రౌటర్‌లో చాలావరకు నడిచేది లైనక్సే. కుర్రాడి జేబులోని ఆండ్రాయిడ్ ఫోన్ నడిచేదీ లైనక్స్ కెర్నెల్ మీదే. రౌటర్ చిప్పులు అమ్మేటప్పుడు ఇవే కంపెనీలు లైనక్స్‌ను నెత్తిన పెట్టుకుంటాయి. డాంగిల్ దగ్గరికొచ్చేసరికి "లైనక్సా? ఎవరాయన?" అంటాయి. ఉచితంగా దొరికింది వాడుకోవడానికి ఉన్న తొందర, తిరిగి ఇవ్వడానికి ఉండదేం?

మరి ఈ డ్రైవర్లు రాస్తున్నదెవరు? లారీ ఫింగర్ అనే అమెరికన్ పెద్దాయన ఏళ్ల తరబడి స్వచ్ఛందంగా బ్రాడ్‌కామ్, రియల్‌టెక్ డ్రైవర్లకు చాకిరీ చేశారు. 2024 జూన్‌లో కన్నుమూశారు. రియల్‌టెక్ 8812ఏయూ చిప్ ఏళ్లకేళ్లు బజారులో అమ్ముడుపోయాక, 2025లో వచ్చిన 6.14 కెర్నెల్‌లో గానీ దానికి సరైన చోటు దొరకలేదు. అందులోనూ బయటి ఔత్సాహికుల చెమటే ఎక్కువ. లాభం కంపెనీది, డబ్బా మీద గొప్పా కంపెనీదే, చాకిరీ మాత్రం ఊళ్లోవాళ్లది!

సర్కారు ఏం చేస్తోంది? విధానాలు చేస్తోంది. ఓపెన్ సోర్స్‌కే తొలి ప్రాధాన్యమని 2015లో కేంద్రం ఘనంగా విధానం ప్రకటించింది. తన సంస్థ సీడాక్ చేత బాస్ లైనక్స్ చేయించింది. పొరుగున కేరళ అయితే బడిపిల్లల చేతికే లైనక్స్ ఇచ్చింది. మరి డాంగిల్ సంగతి? అమ్మాలంటే రేడియో తరంగాలకు ఈటీఏ అనుమతి ఉండాలి. డబ్బా మీద ఎమ్మార్పీ, దిగుమతిదారు చిరునామా, తయారైన దేశం పేరు ఉండాలి. లోపలి చిప్ పేరు? అక్కర్లేదట! బిస్కెట్ ప్యాకెట్ మీద కూడా అందులో ఏమేం కలిపారో రాస్తారు కదండీ. ఈ డాంగిల్‌కి అంత రహస్యం దేనికి? లోపలున్నది అణు ఇంధనమా?

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, డబ్బా మీది లైనక్స్ పెంగ్విన్ బొమ్మను నమ్మకండి. కంపెనీ పేరు పక్కన పెట్టి చిప్ పేరు అడగండి. మీడియాటెక్ ఎంటీ7612యూ అయితే 4.19 కెర్నెల్ నుంచి, ఎంటీ7921ఏయూ అయితే 5.18 నుంచి డ్రైవర్ లోపలే ఉంది. కొన్నాక 'ఎల్ఎస్‌యూఎస్‌బీ' కమాండ్ కొట్టి ఐడీ చూసుకోండి. బిల్లు తప్పకుండా తీసుకోండి. 'లైనక్స్ సపోర్టెడ్' అని రాసి అమ్మింది లైనక్స్‌లో నడవకపోతే అది మీ చేతకానితనం కాదు, తప్పుదోవ పట్టించే ప్రకటన. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉన్నది ఇలాంటి వాటికోసమే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. ఫోన్ చేయడానికి డ్రైవర్ అక్కర్లేదు.